బీరువాలోంచి వచ్చిన రెండోవాడు

కాలంలో ముందుకూ వెనక్కూ తిరిగే సినిమాలు చూసొచ్చి, "కథలో లాజిక్ లేదు, ఫలానా చోట పెద్ద చిల్లుంది" అని మీరు కొట్లాడుకుంటుంటే నేను పక్కన కూర్చుని చాయ తాగుతూ వింటుంటాను. ఈ ముసలాయనకు ఇవన్నీ ఏం తెలుసులే అనుకుంటారు మీరు. అనుకోండి, నాకేం నష్టం లేదు. కానీ అలాంటి చిల్లొకటి పూడ్చబోయి ఉద్యోగం మీదికి తెచ్చుకున్న మనిషిని మీరు ఇంకెక్కడా చూసి ఉండరు. ఆ మనిషిని నేనే.

నేను పనిచేసింది జహీరాబాద్‌లో ఒక టాకీసులో. రిటైరయ్యేనాటికి మేనేజరునయ్యాను గానీ, డెబ్బైల్లో చేరినప్పుడు నా పని గోడలకు పోస్టర్లు అంటించడం. కొన్నాళ్లకు నా గొంతు బాగుందని సేటు టాంగా ఎక్కించి చేతికి మైకిచ్చాడు. సేటు అంటే టాకీసు యజమాని. కొత్త సినిమా వస్తుందంటే టాంగాకు రెండు పక్కలా పోస్టర్లు కట్టుకుని, ఊరంతా తిరిగి, చిరాగ్‌పల్లి దాకా పోయి కథంతా ఊరించి ఊరించి చెప్పొచ్చేవాణ్ణి. మైదాపిండి జిగురు బకెట్టు మోసినన్నాళ్లు నా మొహం చూడనివాళ్లు, మైకు పట్టుకోగానే "ఏందన్నా, ఈ శుక్రవారం ఏం సిన్మ?" అని ఆపి మరీ అడగడం మొదలుపెట్టారు. ఆ మైకంటే నాకు ప్రాణం.

ఇంకో పని కూడా ఉండేది. కొత్త తెలుగు సినిమా బాక్సు మా ఊరిదాకా రావాలంటే హైదరాబాదులో, సంగారెడ్డిలో ఆడి ఆడి అలిసిపోయాక రావాలి. ఆ సందులో హాలు ఖాళీగా ఉంచలేక సేటు ఏదో ఒక ఇంగ్లీషు సినిమా తెచ్చేవాడు. ఇంగ్లీషు ఎవరికి వచ్చు? అందుకని తెర పక్కన ఒక మైకు పెట్టేవాళ్లం. సీను మారినప్పుడల్లా ఆపరేటరు పైనుంచి సినిమా సౌండు తగ్గించేవాడు, మేము కథ చెప్పేవాళ్లం. మేము అని ఎందుకంటున్నానంటే ఇద్దరం ఉండేవాళ్లం. తెలుగులో నేను, ఉర్దూలో మా గేటు దగ్గరి చాచా.

చాచా నాకంటే చాలా పెద్ద. టికెట్లు చింపే పని ఆయనది, కానీ మైకు ముందు నిలబడితే నవాబే. నాకు మైకు పట్టుకోవడం నేర్పింది ఆయనే. "నోటికి ఆనిచ్చి మాట్లాడకురా, చుట్టం లెక్క జర దూరం పెట్టు" అనేవాడు.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. జహీరాబాద్‌లో తెలుగు వచ్చినవాడికి ఉర్దూ రాదనీ, ఉర్దూ వచ్చినవాడికి తెలుగు రాదనీ అనుకుంటే పొరపాటు. మా దగ్గర మిరపకాయల బేరం తెలుగులో మొదలై ఉర్దూలో తెగుతుంది, నడుమ కన్నడం, మరాఠీ తొంగిచూసి పోతాయి. కాబట్టి హాల్లో ప్రతివాడూ నేను చెప్పిందీ వినేవాడు, చాచా చెప్పిందీ వినేవాడు. మరి రెండు భాషలు ఎందుకంటే, మర్యాద కోసం. పెళ్లిలో ఆకలి లేనివాడికి కూడా విస్తరి వెయ్యమా, అట్లా. ఒకే కథను రెండుసార్లు వినడం జనానికి అలవాటైపోయింది.

కథ కుదుర్చుకోవడానికి మాకొక పద్ధతుండేది. పోస్టర్లు ముందే వచ్చేవి, సినిమా బాక్సు మాత్రం ఆట రోజు పొద్దున బస్సు మీద దిగేది. అందుకని మేమిద్దరం హోటల్లో కూర్చుని, పోస్టరు ముందు పరుచుకుని, అందులోని మొహాలు చూసి ఒక కథ అనుకునేవాళ్లం. కత్తి పట్టుకుంటే విలన్, టోపీ పెట్టుకుంటే పోలీసు. సినిమా మొదలయ్యాక కాస్త అటూ ఇటూ సర్దేవాళ్లం. ఇద్దరం ఒకటే చెప్పేవాళ్లం కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ ఒక్కసారి మాత్రం పోస్టర్లు వచ్చిన రోజుకు చాచా ఊళ్లో లేడు, బీదర్‌లో చుట్టాల పెళ్లికి పోయాడు. నేను ఒక్కణ్ణే పోస్టరు పరుచుకుని చూశాను. పెద్ద ఇల్లు. ఇంట్లో ఇనుప బీరువా. బీరువాకు అటొకడూ ఇటొకడూ నిలబడి ఉన్నారు, ఇద్దరిదీ ఒకే మొహం, ఒకడి మెడలో మాత్రం డాక్టరు గొట్టం. నడుమ ఒక ఆడమనిషి భయంగా చూస్తోంది. మీరే చెప్పండి, ఒకే మొహంతో ఇద్దరు కనబడితే మన సినిమాల్లో దాని అర్థమేమిటి? కవలలు. చిన్నప్పుడు జాతరలో తప్పిపోయి ఉంటారు. దానికి వేరే ఆలోచనే అక్కర్లేదు.

టాంగా ఎక్కి గొంతెత్తాను. "జాతరలో విడిపోయిన అన్నదమ్ములు! ఒకరు డాక్టరు, ఒకరు అనాథ! కన్నతల్లి కన్నీటి గాథ! ఆడపడుచులు తప్పక చూడవలసిన కుటుంబ చిత్రం!" తల్లి పోస్టరులో ఎక్కడా లేదు. కానీ తల్లి లేకుండా కవలలు ఎక్కడినుంచి వస్తారని నేనే చేర్చాను. ఆ ఒక్క మాటకే మొదటి ఆటకు జనానా నిండిపోయింది. జనానా అంటే అప్పట్లో ఆడవాళ్లకు పరదా కట్టి వేరుగా వేసిన బెంచీలు.

అసలు కథ మీకు ముందే చెప్పేస్తాను, లేకపోతే మీరూ నాలాగే తికమకపడతారు. ఒక డాక్టరు ఇంట్లో బీరువాలాంటి యంత్రం తయారుచేస్తాడు. అందులో దూరి బయటికొస్తే రెండు రోజులు వెనక్కి వెళ్లిపోతాం. ఆయన భార్య కారు ప్రమాదంలో చనిపోతుంది. ఆయన ఏడ్చి ఏడ్చి, బీరువాలో దూరి, ఆమె ఇంకా బతికి ఉన్న రోజుకు వచ్చేస్తాడు. వచ్చి చూస్తే ఆ రోజు ఇంట్లో ఉండాల్సిన ఆయన ఇంట్లోనే ఉన్నాడు, హాయిగా భోంచేస్తున్నాడు. అంటే ఒకే మనిషి ఇద్దరయ్యారు. వచ్చినవాడు పెరట్లో కొట్టంలో దాక్కుని, సమయం చూసి ఆమెను కారెక్కకుండా ఆపుతాడు. చివరికి ఇంట్లోవాడు భార్యతో ఉండిపోతాడు, వచ్చినవాడు మంచులో ఒంటరిగా నడుచుకుంటూ పోతాడు. అంతే సినిమా. ఇందులో జాతర లేదు, తల్లి లేదు, తమ్ముడూ లేడు.

ఇదేదీ తెలియకుండా నేను మ్యాట్నీకి మైకు ముందు నిలబడ్డాను. భార్య చనిపోయింది. "అయ్యో, వదినమ్మ పోయింది" అన్నాను. జనానాలో ముక్కులు చీదారు. డాక్టరు బీరువాలో దూరాడు. "దుఃఖం ఆపుకోలేక బీరువాలో దాక్కున్నాడు" అన్నాను. బయటికొచ్చాడు. ఎదురుగా భార్య నవ్వుతూ టేబుల్ మీద గిన్నెలు సర్దుతోంది, డాక్టరు భోంచేస్తున్నాడు.

హాలు మొత్తం ఒక్కసారి నోరు తెరిచింది. నేను కూడా తెరిచాను. కానీ మైకు చేతిలో ఉన్నవాడు నోరు తెరిచాక ఏదో ఒకటి అనాలి కదా. "ఫ్లాష్‌బ్యాక్!" అన్నాను.

సరిగ్గా అప్పుడే చాచా బస్సు దిగి ఉరుకుతూ వచ్చాడు. ఆ సినిమా కిందటి వారం బీదర్‌లోనే ఆడింది. పెళ్లికి పోయిన మనిషి పెళ్లి ఎగ్గొట్టి అదే చూశాడు, పక్కన కూర్చున్న ఇంగ్లీషు వచ్చిన చుట్టంతో కథంతా చెప్పించుకున్నాడు. వస్తూనే మైకు లాక్కుని రొప్పుతూ ఉర్దూలో అందుకున్నాడు. "భాయియో ఔర్ బహనో, యే భాయీ నహీ హై! యే వహీ ఆద్మీ హై! దో దిన్ పీఛే ఆయా!" అన్నదమ్ముడు కాదట, అదే మనిషట, రెండు రోజులు వెనక్కి వచ్చాడట.

రెండు కథలూ అందరికీ అర్థమయ్యాయి. గొడవ అక్కడే మొదలైంది.

ఆట వదిలాక హోటల్లో చాచా నన్ను చెడామడా తిట్టాడు. "అరే, పోస్టర్ల ఏడన్న తల్లి ఉందిరా? జాతర ఉందిరా?"

"ఊరంత చెప్పొచ్చిన చాచా. గిప్పుడు కవలలు కాదంటే నన్ను టాంగల కెల్లి గుంజి కొడ్తరు" అన్నాను.

"ఝూట్ చెప్పి మైకు పట్టుకుంటావ్?"

"మనం ఎన్నడు నిజం చెప్పినం?"

కళ్లారా చూసొచ్చిన కథను మార్చడానికి ఆయన ఒప్పుకోలేదు. నేను నోరారా చెప్పొచ్చిన కథను మార్చడానికి ఒప్పుకోలేదు. ఎవడు పట్టిన కుందేలుకు వాడు మూడే కాళ్లన్నాడు. తర్వాతి ఆటకు కూడా తెలుగులో అన్నదమ్ములే, ఉర్దూలో ఒక్కడే.

దాంతో ఊళ్లో రెండు జట్లు తయారయ్యాయి. హోటళ్లలో, బస్టాండులో, కటింగ్ షాపుల్లో ఇదే ముచ్చట. ఇందులో తెలుగోళ్లు, ఉర్దూవాళ్లు అనేది ఏమీ లేదు. నా జట్టులో పెద్దమసీదు పక్కన ఉండే టైలరున్నాడు, చాచా జట్టులో మా బాబాయే ఉన్నాడు. ఎవరిది సరైందో తేల్చుకోవడానికి చూసినవాళ్లే మళ్లీ వచ్చారు. సేటు మొదట్లో మీసం దువ్వుకున్నాడు.

అయితే మళ్లీ మళ్లీ చూసేవాడంత ప్రమాదకరమైన మనిషి ఇంకొకడు ఉండడని నాకప్పుడు తెలిసొచ్చింది. బీరువాలోంచి వచ్చినవాణ్ణి తమ్ముణ్ణి చేశాను కదా, వాడు అందులో ఎందుకు దూరాడని అడిగితే ఒక ఆటలో దొంగలకు భయపడి అన్నాను. తర్వాతి ఆటలో పోలీసులకు భయపడి అన్నాను. నేల క్లాసులోంచి ఒకాయన లేచి, "నిన్న దొంగలంటివి గదనే! రాత్రికి రాత్రి గాళ్లకు నౌకరి దొరికిందా?" అన్నాడు. హాలు ఘొల్లున నవ్వింది. అబద్ధమాడితే అతికినట్టుండాలని ఊరికే అనలేదు పెద్దలు. ఇంకొకాయన అడిగింది ఇంకా ఘోరం. "ఫ్లాష్‌బ్యాక్ అంటివి, మంచిది. ఫ్లాష్‌బ్యాక్‌ల కెల్లి మనిషి బయటికొచ్చి చెంబెడు నీళ్లెట్ల తాగిండే?"

చాచా కూడా సుఖంగా ఏం లేడు. ఆయనను ఇరికించింది బస్టాండు దగ్గర జొన్నరొట్టెలు చేసి అమ్మే అక్క. ఝరాసంగం నుంచి వచ్చి మా ఊళ్లో స్థిరపడింది. అందరం రొట్టెలక్క అనేవాళ్లం. పరదా వెనకనుంచి వచ్చే ఆమె గొంతు ముందు మా మైకు ఏ మూలకూ చాలదు. సినిమాలో ఒక సీనుంది. ఇంట్లో ఉన్న డాక్టరు నిప్పు దగ్గర పనిచేస్తుంటే ఎడమ చెయ్యి బాగా కాలుతుంది, కట్టు కట్టుకుంటాడు. తర్వాత కొట్టంలోవాడి చేతులు దగ్గర్నుంచి చూపిస్తారు, శుభ్రంగా ఉంటాయి.

"చాచా! ఒక్కడే అంటున్నవ్ గద. రెండు దినాలైనంకనే గద గీ కొట్టంలోడు వచ్చిండు. మరి గీని చేతికి కాలిన మచ్చ ఏది?" అని అరిచింది అక్క. "పొద్దందాక పెంక మీద చేతులు కాలవెట్టుకునేదాన్ని, నాకు ఎరుక లేదా, కాలిన మచ్చ రెండు దినాలల్ల పోతదా?"

చాచా మైకు కిందికి దించేశాడు. ఒకే మనిషైతే మచ్చ ఉండి తీరాలి. అన్నదమ్ములైతే ఏ చిక్కూ లేదు, కాలింది ఒకడికి, కాలనిది ఇంకొకడికి. పోస్టరు చూసి అల్లిన నా అబద్ధమే అక్కడ అసలు కథకంటే బాగా అతికింది! నా జట్టువాళ్లు విజిళ్లు వేశారు. నేను లోపల్లోపల ఎగిరి గంతేశాను.

ఆ విజిళ్లకు చాచా జట్టువాళ్లకు కోపమొచ్చింది. తోపులాటలో ఒక బెంచీ విరిగింది, ఎవరో మైకు వైరు లాగేశారు, సగం ఆటలో దీపాలు వెయ్యాల్సి వచ్చింది. మర్నాడు సేటు మా ఇద్దర్నీ పిలిచాడు. ఆయన మీసం దువ్వుకోవడం లేదు.

"ఒక్క సిన్మకు రెండు కతలేందయ్యా? నేను టాకీస్ నడిపిస్తున్ననా, పంచాయితీ నడిపిస్తున్ననా? ఎల్లుండి అంగడి. రాయికోడ్ కెల్లి, ఝరాసంగం కెల్లి బండ్లకు బండ్లు దిగుతయి. మ్యాట్నీల నేనే కూసుంట. ఎవరి కత నిలబడ్తె మైకు వానిది. రెండోవాడు సైకిల్ స్టాండ్‌ల ఉండాలె. గంతే."

సైకిల్ స్టాండు అంటే ఎండలో నిలబడి సైకిళ్లు లేపడం, పెట్టడం, చీట్లు కట్టడం. నాది కుర్రతనం, చెయ్యలేక కాదు. కానీ మైకు లేకపోతే నేను మళ్లీ ఎవరి కంటికీ కనబడని పోస్టర్లవాణ్ణే. ఇక చాచాకైతే మోకాళ్ల నొప్పి, గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చునే మనిషి. ఆయన సైకిళ్ల నడుమ ఎట్లా నిలబడతాడు? ఆ మాట ఒకసారి తోచింది, కానీ నేను గెలుస్తున్నాననే సంబరంలో దాన్ని పక్కకు నెట్టాను.

ఆ సాయంత్రం హోటలుకు పోతే చాచా ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ముందున్న చాయ మీద మీగడ కట్టింది. ఎడమచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు.

"మచ్చ ఏది బేటా?" అన్నాడు నన్ను చూసి. కోపంగా కాదు, నిజంగానే అడుగుతున్నాడు. "నేను చూసిన, గా చుట్టం చెప్పిండు, ఒక్కడే మనిషి. గలత్ కాదు. గని మచ్చ ఏది? నిద్ర పడ్తలేదు నాకు."

"నాకేం ఎరుక చాచా, నాది అన్నదమ్ముల కథ" అన్నాను నవ్వుతూ. ఆయన నవ్వలేదు. ఎప్పుడూ నా చాయకు కూడా తనే ఇచ్చేవాడు, ఆ రోజు తన ఒక్కడి పైసలు బల్ల మీద పెట్టి లేచిపోయాడు.

వారపు సంత జరిగే అంగడి రోజు రానే వచ్చింది. టాకీసు ముందు ఎడ్లబండ్లు, పప్పుల మూటలు, కోళ్ల గంపలు. టికెట్లు అయిపోయాయన్నా జనం కదలడం లేదు. హాలు నడుమ దారిలో సేటు కుర్చీ వేయించుకుని తాంబూలం నములుతూ కూర్చున్నాడు. ఆట మొదలైంది. నేను చెప్తున్నాను, చాచా చెప్తున్నాడు. ఎప్పుడూ లేనిది ఒకరి మొహం ఒకరం చూసుకోవడం లేదు. ఒకరి చేతిలోంచి ఒకరం మైకు తీసుకుంటున్నాం, అంతే.

చెయ్యి కాలే సీను వచ్చింది. కొట్టంలో దాక్కున్నవాడు కాలు తగిలి ఒక డబ్బా కింద పడేశాడు. ఇంట్లో పనిచేసుకుంటున్నవాడు ఆ చప్పుడుకు ఉలిక్కిపడ్డాడు, చెయ్యి నిప్పులో పడింది. తర్వాత కొట్టంలోవాడి చేతులు, శుభ్రంగా. మైకు చాచా దగ్గరుంది.

పరదా వెనక గొంతు లేచింది. "చాచా! ఇయ్యాలనన్న చెప్పు. మచ్చ ఏది?"

చాచా మైకు పట్టుకుని తెర వైపు చూస్తున్నాడు. మైకును అప్పుడు కూడా నోటికి జర దూరంగానే పెట్టుకున్నాడు. నాకు మైకు పట్టుకోవడం నేర్పిన చెయ్యి అది. సేటు కుర్చీలో ముందుకు వంగాడు. ఇంకొక్క నిమిషం నేను ఊరుకుంటే చాలు, మైకు నాది.

ఊరుకోలేకపోయాను. మంచితనమని పొగడకండి. సగం చాచా మీది ప్రేమ, సగం నోటి దురద. ఎందుకంటే ఇన్ని ఆటల్లో చూస్తూ కూడా పట్టించుకోని ఆ డబ్బా చప్పుడు అప్పుడే నా బుర్రలో పడింది. తెలిసిన జవాబును మింగేసి నిలబడడం మైకు అలవాటైన వాడివల్ల కాదు. చాచా చేతిలోంచి మైకు తీసుకున్నాను.

"అక్కా! గా డబ్బ ఎవరు పడేసిన్రు?" అన్నాను.

"కొట్టంలోడు."

"ఆ చప్పుడుకే గద ఇంట్లున్నోని చెయ్యి కాలింది? మొదటిసారి ఆ రెండు దినాలు గడిచినప్పుడు కొట్టంల ఎవడన్న ఉన్నడా?"

"లేడు" అంది మెల్లగా.

"ఎవడు లేకుంటే డబ్బ ఎట్ల పడ్తది? డబ్బ పడకుంటే చెయ్యెట్ల కాల్తది? గందుకే వచ్చినోనికి మచ్చ లేదు. మొదటిసారి వానికి కాలనే లేదు. వచ్చి, వాని చెయ్యి వాడే కాలవెట్టిండు."

హాలు దద్దరిల్లింది. చాచా నా భుజం గట్టిగా పట్టుకున్నాడు, ఆ పట్టు ఇంకా గుర్తుంది నాకు. ఈలోగా నేల క్లాసాయన లేచాడు. "ఆగు ఆగు! అంటే ఒక్కడే అన్నట్టేనా? ఇన్ని దినాలసంది అన్నదమ్ములంటివి గదనే!"

"అన్న. పోస్టర్ చూసి అన్న. గిప్పుడు సిన్మ చూసి చెప్తున్న" అన్నాను. నవ్వుల్లో నా కవలలు కొట్టుకుపోయారు. వాళ్ల తల్లి కూడా.

కానీ చిల్లు ఒకటి పూడిస్తే దాని పక్కనే ఇంకొకటి పడుతుంది. రాయికోడ్ నుంచి బండి కట్టుకుని వచ్చిన ముసలిరైతు ఒకాయన, ముందు బెంచీలో, తీరుబడిగా తలపాగా సర్దుకుని అడిగాడు. "నాయినా, ఆమె బతికింది. మంచిగైంది. గిప్పుడు గా ఇంట్లోడు ఎందుకు బీరువల దూరుతడు? పెండ్లాం పోతే గద దూరెటోడు?"

"దూరడు తాతా" అన్నాను.

"వాడు దూరకుంటే వీడు ఏడికెల్లి వచ్చిండు?"

మీరు ఇవ్వాళ గంటల తరబడి వాదించుకునేది ఈ ప్రశ్న గురించే కదా. ఆయన కుసుమల బండి దింపి వచ్చి అడిగేశాడు. నేను చాచా వైపు చూశాను. తెర మీద ఆఖరి సీను నడుస్తోంది. మంచులో రోడ్డు, ఆ రోడ్డు మీద ఒంటరిగా పోతున్న మనిషి. ఆపరేటరు తనంతట తనే సౌండు పూర్తిగా తగ్గించాడు.

చాచా మైకు తీసుకున్నాడు. మైకు ముందు ఎన్నడూ తెలుగు మాట్లాడని మనిషి. బజారులో మాట్లాడతాడు గానీ మైకులో మాట్లాడితే నవ్వుతారని ఆయన భయం. ఆ రోజు మాత్రం తాత అడిగిన భాషలోనే చెప్పాడు.

"సహీ బాత్ పెద్దయ్యా. వాడు దూరకుంటే వీడు లేడు. గందుకే చూడు, పోతుండు. వీణ్ణి పంపినోడే లేకుండ పోయిండు. పెండ్లాన్ని బతికిచ్చిండు, గని గా ఇంట్ల వానికి జాగ లేదు. ఒక్క ఇంట్ల ఒక్కనికే జాగ. వాడు తమ్ముడైతే ఏంది, తానే అయితే ఏంది. పోవుడే."

ఆయన సినిమా గురించి చెప్తున్నాడో, మైకు గురించి చెప్తున్నాడో నాకు తెలిసింది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పరదా వెనక అక్క "పాపం" అంది. తెర మీద మనిషి మంచులో కలిసిపోయేదాకా ఒక్కరూ బెంచీ మీదినుంచి లేవలేదు. రాయికోడ్ తాత మాత్రం తల ఊపి, "గట్ల చెప్పు మరి" అన్నాడు.

జనం పోయాక చాచా నన్ను గేటు దగ్గర నిలబెట్టాడు. "పాగల్. మైకు నీకొచ్చేది గద. ఊకుంటే ఏం పోయె?"

"సైకిళ్లు లేపుడు నీతోని గాదు చాచా."

"నా మీద రహెమా? జాలి పడుతున్నవా?" అన్నాడు కళ్లెర్రజేసి.

"లేదు. మచ్చ సంగతి ఎరుకైనంక అన్నదమ్ములని ఇంకెట్ల చెప్పాలె? నా నోరు తిరగదు."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నాకూ నవ్వాగలేదు. ఫస్ట్ షోకు జనం పోగవుతున్నారు. సేటు తీర్పు ఇంకా చెప్పలేదు. ఈ ఆట కూడా చూసి చెప్తానన్నాడట. చాచా జేబురుమాలుతో కళ్లు తుడుచుకుని అన్నాడు, "ఒక పని చేద్దాం. ఈ ఆటకు తెలుగు నేను చెప్త. ఉర్దూ నువ్వు చెప్పు."

"నా ఉర్దూ బజారు ఉర్దూ చాచా."

"నాది బజారు తెలుగే. బజారోళ్లే గద వింటున్నరు."

అట్లాగే చేశాం. చాచా తెలుగుకు జనం నవ్వారు, ఆయన భయపడ్డట్టు కాదు, ఇంట్లోవాళ్లు నవ్వినట్టు. నా ఉర్దూకు టైలరు లేచి నిలబడి ఒక మాట దిద్దాడు, నేను సలాం పెట్టి మళ్లీ చెప్పాను. మచ్చ సీనులో హాలు మొత్తం ఒక్క గొంతుతో ప్రశ్న అడిగింది. మేమిద్దరం ఒకరి మాట ఒకరం అందుకుంటూ, ఎక్కడ తెలుగు ఆగిందో ఎక్కడ ఉర్దూ మొదలైందో మాకే తెలియకుండా జవాబు చెప్పాం. నా ఉద్యోగ జీవితంలో అంత హాయిగా మైకు పట్టుకున్న ఆట ఇంకొకటి లేదు.

ఆట వదిలాక సేటు వచ్చాడు. తీర్పు కోసం ఆపరేటరు కూడా మెట్లు దిగి వచ్చి నిలబడ్డాడు. సేటు ఒకసారి నా మొహం చూశాడు, ఒకసారి చాచా మొహం చూశాడు.

"కత చాచాది, నిలబెట్టింది నువ్వు. తెలుగాయన ఉర్దూ చెప్పే, ఉర్దూ ఆయన తెలుగు చెప్పే. ఇద్దర్ల ఒకణ్ణి ఉంచుతనంటి" అని నెత్తి గోక్కున్నాడు. "గిప్పుడు నేను ఎవణ్ణి తియ్యాలెరా?"

చాచా నా మెడ చుట్టూ చెయ్యి వేసి నన్ను దగ్గరికి లాక్కున్నాడు. "తీస్తే ఇద్దర్ని తియ్యి సేట్" అన్నాడు.

సేటు తాంబూలం ఉమ్మేసి, సైకిల్ స్టాండుకు వేరే మనిషిని చూడమని ఆపరేటరుకు చెప్పి ఇంటికి పోయాడు.